క్యాంపర్ వ్యాన్: ఒకటి పెడితే మూడొస్తాయి

వ్యాన్‌ని లోపలే పడుకుని, వండుకుని తిరిగే క్యాంపర్‌గా మార్చుకుందామనుకునే ఎవరి ఫోన్ చూసినా ఒక జాబితా ఉంటుంది. మంచం, పొయ్యి, ఫ్రిజ్, సింకు, షవర్, టాయిలెట్, ఏసీ, సోలార్, పక్కన లాగే పందిరి. ఒక్కోదాని పక్కన ఒక్కో ధర. చిక్కంతా ఆ ధరలతోనే. ఇండక్షన్ పొయ్యి రెండు మూడు వేలకే దొరుకుతుంది. కానీ దాని వెనకాల 2000 వాట్ల ఇన్వర్టర్ వస్తుంది. ఇన్వర్టర్ వెనకాల రెండు లిథియం బ్యాటరీలు, వాటి వెనకాల బొటనవేలంత కేబుళ్ళు, వాటిని నింపడానికి పెద్ద ఛార్జరు. పెళ్ళికొడుకు ఒక్కడే వస్తాడనుకుంటే బస్సు నిండా బంధువులు దిగినట్టు.

అందుకని దేన్నైనా జాబితాలోకి ఎక్కించే ముందు మూడు అంకెలు రాసుకోవాలి: రోజుకి ఎన్ని వాట్-అవర్లు (వాట్లని వాడే గంటలతో గుణిస్తే వచ్చే కరెంటు లెక్క), ఎన్ని లీటర్లు, మొత్తం ఎన్ని కిలోలు. ఈ మూడూ రాశాక సగం జాబితా దానంతటదే కొట్టుకుపోతుంది.

ఇంకో మాట. యూట్యూబ్‌లో కనిపించే వ్యాన్లు చాలావరకు చలిదేశాలవి. అక్కడివాళ్ళ మొదటి శత్రువు మంచు, మన శత్రువులు ఉక్కపోత, ఉప్పుగాలి, దోమ. విశాఖ నుంచి బండి తీసేది ఎక్కువగా రెండు వైపులకి: భీమిలి, యారాడ లాంటి సముద్రపు ఒడ్డుకి, లేదా కొండలెక్కి అనంతగిరి, అరకు, పాడేరు, లంబసింగి లాంటి ఏజెన్సీ ఊళ్ళకి. ఒకచోట రాత్రి రెండింటికి కూడా చెమట ఆరదు, ఇంకోచోట డిసెంబరులో మామూలు దుప్పట్లు చాలవు. రెండింటికీ సరిపోయేలా కట్టాలి కానీ, రెండింటికీ యంత్రాలు అక్కర్లేదు.

కోసే ముందు కాగితం

ఇది నచ్చని భాగం, అందుకే ముందే చెబుతున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన, ఆర్సీలో ఉన్న వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో చేర్చిన 182ఏ(4) ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మోటార్ క్యారవాన్‌కి మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది.

కాబట్టి దారులు రెండే. ఒకటి, అనుమతి ఉన్న బాడీ బిల్డరు దగ్గర, ఆర్సీలో క్యారవాన్ అని పడేలా కట్టించుకోవడం. రెండు, బాడీకి కంత పెట్టకుండా, సీట్లు ఉన్నచోటే ఉంచి, సామాను ఎక్కించినట్టు ఎక్కించి దించేసే పెట్టెల సెట్టు. ఈ మధ్యలో 'కాస్త కోద్దాం, ఎవరు చూస్తారు' అనేది మూడో దారి. అందులో పోలీసుల కంటే బీమా భయం ఎక్కువ. ప్రమాదం జరిగాక సర్వేయరు పైకప్పు కంత చూసి క్లెయిము పక్కన పెడితే అడగడానికి నోరుండదు. కొయ్యాలనుకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసులో, బీమా కంపెనీలో రాతపూర్వకంగా అడగండి.

మారుతి ఈకో లాంటి చిన్న బండికి రెండో దారే సరి. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ లాంటివాటిలో నిలబడే ఎత్తు కావాలనుకునేవాళ్ళు మొదటి దారికి సిద్ధపడాలి. ఏ బండి అయినా బ్రోషర్ కొలత నమ్మకండి. లోపలి వెడల్పు నేల దగ్గర, మోకాలి ఎత్తున, భుజం ఎత్తున మూడుచోట్ల టేపు పెట్టండి. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి. నేల దగ్గర సరిగ్గా సరిపోయిన అలమర పైన ఇరుక్కుంటుంది.

ఏసీ గురించి ఒకసారి తేల్చేద్దాం

మే నెలలో విశాఖలో రాత్రి 28 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ఏసీ కావాలనిపించడం సహజం. లెక్క చూడండి. ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ, రేకు గోడల బండిలో, సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకుందాం. ఎనిమిది గంటల నిద్రకి 4800 వాట్-అవర్లు. ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 5400 దాటుతుంది. 12.8 వోల్టుల 100 యాంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1280 వాట్-అవర్లు, హాయిగా వాడుకోగలిగేది 1150. అంటే ఒక్క రాత్రికి ఐదు బ్యాటరీలు. బండి నడుస్తుండగా 20 యాంపుల ఛార్జరుతో గంటకి 250 వాట్-అవర్లు ఎక్కుతాయి. ఆ ఐదూ నిండాలంటే ఇరవై గంటల పైన నడపాలి, అంటే అరకు వెళ్ళి రావడం ఒక్కసారి కాదు, దాదాపు మూడుసార్లు. పైన 400 వాట్ల సోలార్ పలకలు పరిచినా మంచి ఎండలో కూడా ఆ లెక్క దరిదాపుల్లోకి రాదు.

కాబట్టి ఏసీ పెట్టుకుంటే ప్లగ్గు దొరికినచోట మాత్రమే వాడేదిగా పెట్టుకోండి. రిసార్టు ఆవరణలోనో, బంధువుల ఇంటి ముందో ఆపినప్పుడు బయట నుంచి తీసుకునే 16 యాంపుల లైను, దానికి బండి లోపల 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంపే స్విచ్చు), ఎర్తు తీగ బండి ఛాసిస్‌కి బిగించి. ఆర్‌సీసీబీ లేకుండా రేకు బండిలోకి 230 వోల్టులు తేవడమంటే తడి కాళ్ళతో మెట్టు దిగినవాడి ప్రాణంతో ఆడుకోవడమే.

ఏసీ లేని రాత్రికి కావలసింది గాలి. నిద్రలో ఒక్కో మనిషి ఒంటి నుంచి 70, 80 వాట్ల వేడి వస్తుంది. ఇద్దరుంటే చిన్న హీటరు వేసి పడుకున్నట్టే. ఎదురెదురుగా రెండు తెరుపులు ఉండాలి, రెండింటికీ దోమతెర, ఒకదాని దగ్గర గాలిని బయటికి నెట్టే ఫ్యాను, ఒంటి మీదికి ఇంకో ఫ్యాను. పైకప్పు కొయ్యలేనివాళ్ళు జారుడు కిటికీ అద్దం తెరిచినంత మేర ప్లైవుడ్ పలక కోసి, అందులో కంప్యూటర్‌లో వాడే 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్లు రెండు బిగిస్తే చాలు. ఒక్కోటీ 3 వాట్లు తినదు. పలక తీసి సీటు కింద పెట్టుకోవచ్చు. బీచ్ ఒడ్డున బండి ఆపేటప్పుడు తెరుపు సముద్రం వైపు ఉండేలా తిప్పుకోవడం అన్నిటికన్నా చవకైన పరికరం.

పగటి వేడికి పైకప్పు తెల్లరంగు, లోపల 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు ఫోమ్. ఏసీ డక్టులకి అంటించే నల్ల షీటే అది. గ్లాస్ ఊల్ చవక, కానీ మన తేమని పీల్చుకుని రేకుని తడిగుడ్డలా పట్టుకుని కూర్చుంటుంది. రెండు వర్షాకాలాలయ్యాక ప్యానెల్ విప్పితే ఎర్రటి రేకు కనిపిస్తుంది. ఫోమ్ అయినా ఎండవేడిని ఆలస్యం చేస్తుంది తప్ప ఆపదు. సాయంత్రం ఐదింటికి తలుపులన్నీ బార్లా తెరిచి లోపలి వేడి బయటికి పోనివ్వాలి.

ఒక రోజు కరెంటు లెక్క

ఇద్దరు మనుషులు, మే నెల, ఏసీ లేదు, ఇండక్షన్ లేదు. నలభై లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 50 వాట్లతో రోజులో సగంసేపు తిరుగుతుంది: 600. పదిహేను వాట్ల ఫ్యాన్లు రెండు, పది గంటలు: 300. లైట్లు 50, ఫోన్లు 50, ల్యాప్‌టాప్ 120, నీళ్ళ పంపు 10. మొత్తం 1130. అంటే ఒక 100 యాంపియర్-అవర్ లిథియం ఒక్క రోజుకి బొటాబొటీ.

ఇందులో సగానికి పైగా ఫ్రిజ్‌దే. శని, ఆదివారాలు మాత్రమే తిరిగేవాళ్ళకి ఫ్రిజ్ అవసరమా అని ఇక్కడే అడగాలి. కిలో మంచు కరగడానికి సుమారు 93 వాట్-అవర్ల వేడి కావాలి. పది కిలోల మంచు అంటే 930 వాట్-అవర్ల చలవ, ముందే కొని పెట్టెలో పడేసుకున్నట్టు. మందంగా ఫోమ్ ఉన్న మంచి ఐస్ బాక్సులో, నీడలో, ఊరికే మూత తీయకుండా ఉంటే రెండు రోజులు పాలు, పెరుగు, చేపలు నిలుస్తాయి. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊరు మనది, మంచుకి కొదవా? ఫ్రిజ్ తీసేస్తే రోజువారీ లెక్క 530కి దిగుతుంది, అదే బ్యాటరీ రెండు రోజులొస్తుంది, సోలార్ జోలికే పోనక్కర్లేదు. వారం రోజుల ప్రయాణాలు చేసేవాళ్ళకి, ఇన్సులిన్ లాంటి మందులు వెంట ఉన్నవాళ్ళకి మాత్రం ఫ్రిజ్ తప్పదు. అప్పుడు 200 వాట్ల సోలార్ పలక, ఇంజిన్‌తో తిరిగే ఆల్టర్నేటర్ కరెంటుతో ఈ బ్యాటరీని నింపే 20 లేక 30 యాంపుల డీసీ-డీసీ ఛార్జరు కూడా రాసుకోండి.

ఆ ఛార్జరు దగ్గర పొదుపు చెయ్యకండి. లిథియం బ్యాటరీని ఆల్టర్నేటర్‌కి రిలేతో నేరుగా కలిపితే అది దొరికినంత కరెంటు లాగేస్తుంది. ఆల్టర్నేటర్ అంత భారం గంటల తరబడి మోయడానికి చేసింది కాదు. ఘాట్‌లో రెండో గేరులో, ఇంజిన్ గదిలో గాలి ఆడని సమయంలో వైండింగ్ కాలిపోతుంది. డీసీ-డీసీ ఛార్జరు ఆ లాగుడుకి కళ్ళెం వేస్తుంది.

వైరింగ్‌లో ఎక్కువమంది చేసే తప్పు ఇంటి లెక్కతో తీగ వెయ్యడం. ఇంట్లో 230 వోల్టుల్లో అర వోల్టు పోతే తెలియదు. పన్నెండులో అర వోల్టు పెద్ద మాట. ఫ్రిజ్ 5 యాంపులు తీసుకుంటోంది, బ్యాటరీకి 5 మీటర్ల దూరం, తీగ 1.5 చదరపు మిల్లీమీటర్లు అనుకోండి. రానూపోనూ 10 మీటర్లు, ఇంటూ 5, ఇంటూ 0.0175, దాన్ని 1.5తో భాగిస్తే 0.58 వోల్టులు దారిలోనే పోయాయి. పైగా కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే, అది సగం నిండి ఉండగానే ఫ్రిజ్ 'వోల్టేజీ తక్కువ' అని ఆగిపోతుంది. అందరూ బ్యాటరీని తిడతారు. అదే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.22. డీసీ-డీసీ ఛార్జరుకి 30 యాంపులు, 5 మీటర్లు అయితే 16 చదరపు మిల్లీమీటర్లకి తగ్గొద్దు.

ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగని. బండి అదురుకి తీగ రేకు అంచు మీద రాసుకుని షార్టయితే, ఫ్యూజుకి ముందున్న తీగ మొత్తం నిప్పుకడ్డీ అవుతుంది. రేకు గుండా వెళ్ళే ప్రతిచోటా కంత అంచుకి రబ్బరు గ్రోమెట్ వెయ్యండి. తీగ చివర బిగించే లగ్గులు సోల్డర్ చేసి వదిలేయకుండా సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, పైన వేడికి బిగుసుకునే, జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. ఉప్పుగాలికి తెరిచి ఉన్న రాగి ఆరు నెలల్లో పచ్చబడుతుంది. బ్యాటరీని పైకప్పు కింద అలమరలో పెట్టకండి. ఎండలో ఆపిన బండిలో అక్కడి వేడికి బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్ (బీఎంఎస్) ఛార్జింగ్ ఆపేస్తుంది. నేల మీద, నీడ వైపు, పట్టీలతో బిగించి పెట్టాలి.

ఇక ఇండక్షన్. అరగంట వంట సగటున 1200 వాట్లనుకున్నా ఇన్వర్టర్ నష్టంతో కలిపి 690 వాట్-అవర్లు. ఫ్రిజ్ ఒక రోజంతా తాగే కరెంటు కంటే ఎక్కువ. వాడనప్పుడు పెద్ద ఇన్వర్టర్‌ని ఆన్‌లో వదిలేస్తే ఊరికే 15, 20 వాట్లు తింటుంది, రోజుకి 480 దాకా. గ్యాసే మేలు.

వంట, నీళ్ళు, మిగతావి

గ్యాస్‌కి 5 కిలోల చిన్న సిలిండరు చాలు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండరు పెట్టెకి అడుగున బయటికి కంత ఉండాలి, బండి లోపలి వైపు గాలి చొరబడకుండా మూసి ఉండాలి. నడిపేటప్పుడు రెగ్యులేటర్ తీసేసి క్యాప్ పెట్టేయండి. చిన్న బ్యూటేన్ డబ్బాల పొయ్యి సుఖంగానే ఉంటుంది, కానీ ఆ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచొద్దని రాసి ఉంటుంది. మే మధ్యాహ్నం రుషికొండ దగ్గర మూసి ఆపిన బండి లోపల అది దాటడం కష్టమేమీ కాదు.

వంటగది లోపల ఉండాలా, వెనక తలుపు దగ్గర బయటికి లాగేలా ఉండాలా అన్న ప్రశ్నకి నా జవాబు రెండోదే. మన వంటలో పోపు ఉంటుంది, ఎండుమిర్చి ఉంటుంది, చేప వేపుడు ఉంటుంది. రేకు పెట్టెలో ఒక్కసారి చేప వేపితే దుప్పట్లు వారం వాసనొస్తాయి. గ్యాసు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది, కిలో గ్యాసుకి కిలోన్నర పైగా. అది వెళ్ళి చల్లటి రేకుకే పడుతుంది. వెనక తలుపు ఎత్తితే అదే పందిరి, పక్కన గాలికి అడ్డుగా మూడు మడతల రేకు, అంతే.

నీళ్ళకి స్టీలు ట్యాంకు చేయించే ముందు ఇరవై లీటర్ల వాటర్ టిన్ను గురించి ఆలోచించండి. ఏ ఊళ్ళో ఆగినా నిండుది ఇచ్చి ఖాళీది తీసుకుంటారు. ట్యాంకు కడగాలి, నాచు పడుతుంది, నింపడానికి పైపు వెతకాలి. టిన్ను చుట్టుకొలత, ఎత్తు కొలిచి దానికి సరిపడా అర కట్టించండి, పైన చేయి పట్టేంత ఖాళీ వదలండి, లేకపోతే నిండు టిన్ను బయటికి రాదు. మూతి మీద కూర్చునే ఛార్జింగ్ పంపు పెడితే వేరే పైపులు, జాయింట్లు, లీకులు లేవు. తాగడానికి, వంటకి, గిన్నెలకి మనిషికి రోజుకి ఆరేడు లీటర్లు. ఇద్దరికి రెండు టిన్నులు మూడు రోజులు. వాడిన నీళ్ళకి అంతే పెద్ద ఖాళీ క్యాను సింకు కింద ఉండాలి, అది చాలామంది మర్చిపోతారు.

షవర్ గది వద్దు. సముద్రంలో దిగొచ్చాక ఉప్పు కడుక్కోవడానికి చేత్తో గాలికొట్టే ఐదు లీటర్ల స్ప్రేయరు చాలు. తోటలకి మందు కొట్టేదే, కాకపోతే పురుగుమందు ముట్టని కొత్తది.

టాయిలెట్ దగ్గర విదేశీ సలహాలు అస్సలు పనికిరావు. వాళ్ళు మెచ్చుకునే, కొబ్బరి పొట్టు నింపి వాడే కంపోస్టింగ్ టాయిలెట్ పొడిగా ఉంటేనే పని చేస్తుంది. మనం నీళ్ళతో కడుక్కుంటాం, కొబ్బరి పొట్టు బురదై కంపు కొడుతుంది. అడుగున ఊడదీసి ఒంపే డబ్బా ఉండే ఇరవై లీటర్ల క్యాసెట్ టాయిలెట్ తీసుకుంటే, ఒక్కోసారికి కడుగుడు నీళ్ళతో కలిపి లీటరుంపావు, ఇద్దరికి రోజుకి పదిసార్లు అనుకుంటే ఒకటిన్నర రోజులో నిండుతుంది. నిండినదాన్ని ఒంపే చోటు దారిలో దొరకదు, గెడ్డలో ఒంపడం నేరమూ పాపమూ. రాత్రిపూట అవసరానికి పది లీటర్ల చిన్నది ఉంచుకుని, పగలు పెట్రోలు బంకులు, టూరిజం రిసార్టుల మీద ఆధారపడటం ఆచరణలో కుదిరే పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ ఒక్క విషయంలో పొదుపు చెయ్యొద్దు.

లంబసింగి చలికి హీటరు అక్కర్లేదు, మందపాటి రగ్గు చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి: నిప్పుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు వేసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిలో కూడా కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి. లేకపోతే ఊపిరి తేమ తెల్లారేసరికి రేకు నుంచి కారుతుంది. అదే తేమ పరుపు కింద బూజు పట్టిస్తుంది. పరుపు కింద నిండు ప్లైవుడ్ కాకుండా సందులున్న పట్టీలు వేసి, మధ్యలో కొబ్బరి పీచు చాప పరిస్తే గాలాడుతుంది.

చెక్క, బరువు, తుప్పు

వడ్రంగి అలవాటుగా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటాడు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి 37 కిలోల దాకా ఉంటుంది. అదే 12 మిల్లీమీటర్లది 25 కిలోలు. నాలుగు షీట్ల పనిలో దాదాపు 50 కిలోల తేడా, అంటే రెండు నిండు టిన్నుల కంటే ఎక్కువ. అల్యూమినియం చదరపు గొట్టాల ఫ్రేముకి 6 మిల్లీమీటర్ల పలకలు తొడిగితే ఇంకా తగ్గుతుంది. ప్లైవుడ్ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్‌దే తీసుకోండి, కోసిన అంచులకి రెండు పూతలు వార్నిష్ పట్టించండి. నీళ్ళు లోపలికి పోయేది అంచు నుంచే.

తుప్పు మొదలయ్యేది కూడా అంచు నుంచే. ఆటోనగర్ షెడ్డులో డ్రిల్ కొట్టేటప్పుడు రాలిన ఇనుప రజను చూడండి. సన్నటి ఉంగరాల్లా తలుపు గాడిలో, నేల రేకు మడతలో పడుతుంది. దాన్ని అలాగే వదిలేసి పైన మ్యాటు పరిస్తే ఒక్క వర్షాకాలంలో రజను తుప్పు పట్టి కింది పెయింటు తినేస్తుంది, తర్వాత బాడీ. ప్రతి రోజు పని అయ్యాక అయస్కాంతంతో, వ్యాక్యూమ్‌తో ఏరించాలి. ప్రతి కంత అంచుకీ ఆకురాయి తిప్పి, జింక్ ప్రైమరు, ఆపై పెయింటు, అది ఆరాకే సీలెంటు. సీలెంటు పాలీయురేథేన్‌ది కావాలి. బాత్రూముకి వాడే వెనిగర్ వాసన సిలికాన్‌లో ఆమ్లం ఉంటుంది, రేకుని కొరుకుతుంది.

ఏదీ శాశ్వతంగా బిగించకముందు ఒక రాత్రి భీమిలి ఒడ్డున, ఒక రాత్రి అరకులో విడి సామానుతోనే పడుకోండి. ఐస్ బాక్సు, టిన్ను, మడత మంచం, చిన్న పొయ్యి. చేతికి తగలని వస్తువేదో, ప్రతిసారీ అడ్డొచ్చే వస్తువేదో అక్కడే తెలుస్తుంది. సామానంతా ఎక్కించి, మనుషులు కూర్చుని, నీళ్ళు నింపి వేబ్రిడ్జి మీదికి ఎక్కించండి. ముందు చక్రాలు మాత్రం కాటా మీద ఉంచి ఒక తూకం, తర్వాత బండి మొత్తం ఇంకో తూకం, తీసేస్తే వెనక ఇరుసు బరువు వస్తుంది. దాన్ని తయారీదారు ప్లేటు మీది అంకెలతో పోల్చండి. దాటితే పైనున్నది ముందు దించాలి, ఎందుకంటే ఎత్తున ఉన్న పది కిలోలు మలుపులో నేల మీది ఇరవై కిలోల కంటే ఎక్కువ ఊపుతాయి. ఆ తర్వాత అనంతగిరి ఘాట్ ఎక్కి, మొదటి ఐదారు మలుపులయ్యాక చోటు చూసి బండి ఆపి వెనక్కి వెళ్ళండి. తెరుచుకున్న డ్రాయరు, జారిన టిన్ను, ఊడిన తీగ క్లిప్పు ఏదైనా ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఘాట్ దిగాక షెడ్డువాడికి చూపించాల్సిన ఫోటోలు కూడా అప్పుడే తీసుకోండి.